ఏవనుకోకండేం

మా పాస్టరు గారు ఒకప్పుడు మా చేపల చెరువుకి కాపలా ఉండేవారు. ఓ రోజు తాగి పడుకుంటే చేపలన్నీ గాలందక చచ్చి తేలాయి. నాన్న తరిమేశారు. ఆ దెబ్బకి ఆయన తాగుడు మానేసి, బాప్తిస్మం తీసుకుని, ఏకంగా పాస్టరై మా చెరువు గట్టు పక్కనే పాక వేశారు. తెల్లారకుండానే మైకులో ప్రార్థన. ఏం చెప్పినా ముందు "ఏవనుకోకండేం" అంటారు.

"నా చేపలు పోయాక వచ్చిందా నీకు మెలకువ?" అని నాన్న ఆ మైకు లాక్కొచ్చేశారు. మహా ఘనకార్యం.

వారం తిరక్కుండానే ఓ తెల్లవారుజామున పాస్టరు గారు తడి కాళ్ళతో మా గుమ్మంలో నిలబడ్డారు. "ఏవనుకోకండేం, చేపలు గాలందక పైకొచ్చేస్తన్నాయండీ." పరిగెత్తి, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు వేస్తే బతికాయి.

నాన్నే మైకు తిరిగిచ్చారు. రోజూ వెళ్ళి ప్రార్థనలో కూర్చుంటున్నారు కూడా. భక్తి కాదట, చేపల మీద కన్నేసి ఉంచడానికట. ఆ చేపలన్నీ పట్టి లారీ ఎక్కించి నెలైంది. ఇంకా వెళ్తూనే ఉన్నారు.