ఎవరు చెప్పి ఉంటే?

పొదిలికి బదిలీ మీద వచ్చేనాటికి నాకు నలభై ఆరేళ్లు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. పెళ్లి చేసుకోలేదు, దాని వెనక పెద్ద కథేమీ లేదు. బస్టాండుకు దగ్గర్లో ఒక పురుగుమందుల కొట్టు పైన రెండు గదులు అద్దెకు దొరికాయి. ఎండ ముదిరాక ఆ మందుల వాసన మెట్లెక్కి పైదాకా వచ్చేది. మొదట్లో తలనొప్పి పుట్టేది, తర్వాత అలవాటైపోయింది. ఆదివారం కొట్టు మూసేస్తారు కాబట్టి కింది నుంచి మాటలు కూడా వినపడవు. శనివారం సాయంత్రం కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌తో "వస్తానయ్యా" అన్నాక, మళ్లీ సోమవారం హాజరు పిలిచేదాకా నా గొంతు నాకే వినపడని వారాలు ఉండేవి.

అప్పటికి అమ్మ పోయి ఏడాది. అక్కతో మాట్లాడక కూడా ఏడాదే.

అమ్మ పొన్నూరులో అక్క దగ్గర ఉండేది. చివరి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాకు ఎవరూ చెప్పలేదు. ఐదో రోజు తెల్లవారాక బావ ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఎందుకు చెప్పలేదని అక్కను నేను అడగలేదు. చుట్టూ జనం ఉన్నారు, పైగా అడిగితే నా నోటి నుంచి ఏం వస్తుందో నాకే భయంగా ఉంది. పదకొండో రోజు అయ్యాక బస్సెక్కి వచ్చేశాను. ఆ తర్వాత అక్క ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగైదు సార్లు చేసి తనూ మానేసింది.

పొదిలి వచ్చిన కొత్తలో, చేయడానికి ఏమీ లేని ఒక ఆదివారం, అమ్మ మీద ఒక వ్యాసం రాశాను. అమ్మ పెద్దయ్యాక చదువు నేర్చుకుంది. పలక మీద కాదు, బస్సు కిటికీలోంచి. మమ్మల్నిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా కనపడిన ప్రతి కొట్టు బోర్డునూ కూడబలుక్కుంటూ పైకి చదివేది. బస్సు వేగం పెరిగితే సగం మాటలోనే బోర్డు వెనక్కి వెళ్లిపోయేది. మిగతా సగం మమ్మల్ని అడిగేది. అదంతా రాశాను. ఒక మాసపత్రికకు పంపితే వేసుకున్నారు. పత్రిక వచ్చిన రోజు దాన్ని టీపాయ్ మీద పెట్టుకుని కూర్చున్నాను. చూపించడానికి ఎవరూ లేరు. స్టాఫ్ రూములో ఒకాయన "మీ పేరు చూసినట్టున్నానండి ఎక్కడో" అన్నాడు, అంతే.

ఆ సంవత్సరం రెండో ఏడాది పిల్లలకు కొత్త పాఠ్యాంశం ఒకటి పెట్టారు. ఒక వ్యాసాన్నో పాటనో బొమ్మనో తీసుకుని, ఇది ఎందుకు పుట్టింది, ఎవరి కోసం, ఏ గొంతుతో చెబుతోంది అని విప్పి చూడటం. పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణలు పిల్లలకు పట్టలేదు. అందుకని కింద కొట్లో ఇచ్చిన క్యాలెండర్ తీసుకెళ్లి బోర్డుకు తగిలించాను. అందులో మడత నలగని తెల్ల చొక్కా వేసుకున్న రైతు, పక్కన భార్య, వెనక పత్తి చేను. ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఇది ఎవరి కోసం వేశారు?" అన్నాను.

"రైతుల కోసమండి," అన్నారు అందరూ.

వెనక బెంచీ నుంచి ఒకడు, "మా నాన్న పత్తి చేలో ఎప్పుడూ అట్లా నవ్వడు మేడమ్," అన్నాడు. క్లాసంతా నవ్వింది.

"మరి నవ్వేదెవరు?"

మూడో వరసలో కూర్చునే ఒక అమ్మాయి లేచింది. మామూలుగా ఎక్కువ మాట్లాడదు. "మందు అమ్మేవాళ్లండి. వాళ్ల నవ్వు తెచ్చి ఆయన మొహానికి పెట్టారు," అంది.

మరుసటి వారం పాట తెచ్చుకోమన్నాను. చాలామంది ఫోన్లలో సినిమా పాటలు తెచ్చారు. ఈ అమ్మాయి మాత్రం వాళ్లమ్మ పాడేది తెచ్చింది. పొదిలి పక్కనే పల్లె వాళ్లది. వాళ్లమ్మ ముఠాతో కలిసి మిరపకాయ కోతలకు వెళ్తుంది. లేచి నిలబడి, రాగం లేకుండా, చదివినట్టు చెప్పింది.

"పొద్దు జారె పడమటికి, పోదమా వదినా. పండుకాయ రేపటికి ఉండదా వదినా."

"ఎవరి కోసం?" అన్నాను.

"వదిన కోసమండి," అన్నాడొకడు ముందు బెంచీలోంచి.

"కాదండి," అంది ఆ అమ్మాయి. "ముఠా మేస్త్రి కోసం. ఇంక ఆపి పంపించమని ఆయన్ని మొహం మీద అడగలేరు గదండి. వదినతో అంటున్నట్టు గట్టిగా పాడతారు. పాట కాబట్టి ఆయన కూడా ఏమీ అనలేడు."

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఒకరి వైపు తిరిగి ఇంకొకరికి చెప్పే మాట గురించి అంత తేలిగ్గా ఎవరూ చెప్పగా వినలేదు. ఆ సాయంత్రం గదికి వెళ్లాక కూడా ఆ అమ్మాయి మాటే అనుకుంటూ ఉన్నాను.

ఇక మిగిలింది వ్యాసం. నా వ్యాసాన్నే, పేరు కత్తిరించి జిరాక్స్ తీయించాను. పిల్లలకు తేలిగ్గా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. నేను రాసిన దాని గురించి ఎవరైనా ఒక్క మాట అంటే వినాలని ఉంది. అందుకోసం నలభై మంది పిల్లలకు కాగితాలు పంచాను.

బాగానే చెప్పారు. అమ్మ పట్టుదల చూపించడం ఉద్దేశమన్నారు. చదువుకోని తల్లులున్న పిల్లల కోసం రాశారన్నారు. గొంతులో ప్రేమ, కొంచెం హాస్యం ఉన్నాయన్నారు. నాకు కడుపు నిండినట్టయింది. అప్పుడు ఆ అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, రెండో పేజీలో ఒక వాక్యం ఉందండి. 'ఆ నాలుగు రోజుల్లో చెప్పి ఉంటే వచ్చేదాన్ని. చెప్పలేదు.' ఎవరు చెప్పి ఉంటే?"

నేను నా చేతిలోని కాగితం తిప్పి రెండో పేజీ చూశాను.

"అమ్మ గురించి చెప్పినప్పుడల్లా అమ్మ అని రాశారండి. బస్సు డ్రైవర్‌ని కూడా డ్రైవర్ అని రాశారు. ఇక్కడొక్కచోటే ఎవరో లేకుండా రాశారు. ఆ మనిషి ఇది చదువుతారని తెలుసనుకుంటానండి. మిగతా అందరికీ అమ్మ కథ చెప్పి, ఈ ఒక్క మాట మాత్రం ఆ మనిషికి చెప్పారు."

"గొంతు?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

కాసేపు కాగితం చూసుకుంది. "కోపమండి. కానీ వాళ్లు వచ్చి మాట్లాడితే పోయే కోపం."

బెల్లు ఇంకా కొట్టలేదు. పాఠం అయిపోయిందని చెప్పి పిల్లల్ని పంపేశాను.

ఆ వ్యాసాన్ని ఎన్నిసార్లు దిద్దానో. ఆ వాక్యంలో మొదట "అక్క" అనే మాట ఉండేది. దాన్ని కొట్టేసినప్పుడు, ఇంటి గుట్టు ఊరికెందుకని, మర్యాద కోసం తీసేశాననుకున్నాను. ఆ అమ్మాయి అన్నాక ఆలోచిస్తే, ఊరికి తెలియకుండా అక్కకు మాత్రం గుచ్చుకోవాలని తీసేశానని తెలిసింది.

వచ్చిన ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఒంగోలులో మారి, చీరాల, బాపట్ల మీదుగా పొన్నూరు చేరేసరికి పదకొండున్నర. అక్క డాబా మీద మినుములు ఎండబోస్తోంది. నన్ను చూసి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"భోంచేశావా?" అంది.

"లేదు."

"పప్పుంది. కూర చేస్తా ఆగు."

"ముందు కూర్చో అక్కా."

డాబా మెట్ల మీద, నీడ పడినచోట, ఇద్దరం కూర్చున్నాం.

"చదివాను," అంది, నేనేమీ అడగకముందే. "పక్కింటావిడ తెచ్చిచ్చింది. మీ చెల్లెలు బాగా రాసిందే అంది. అవునన్నా."

నేను తల దించుకున్నాను.

"ఆ చెప్పంది నేనేగా?"

"నువ్వే."

"మరి అక్క చెప్పలేదని రాయకపోయావా? నన్ను తిట్టినా బాగుండేది. నేనసలు లేనట్టు రాశావే."

తర్వాత చాట ఒళ్లో పెట్టుకుని మినుముల్లోంచి రాళ్లు ఏరుతూ కూర్చుంది. చెబుతున్నప్పుడు కూడా నా వైపు చూడలేదు.

"రెండుసార్లు ఫోన్ తీశా. నువ్వు సెలవు పెట్టి వచ్చావంటే అమ్మకి అర్థమైపోతుంది, ఇంక ఆశ లేదని. అది భయమేసింది నాకు. మూడో రోజు కాస్త లేచి కూర్చుంది. ఇంటికి తీసుకెళ్లాక చెబుదాంలే అనుకున్నా."

"నన్ను అడిగిందా?"

అక్క చెయ్యి ఆగింది. "అడిగింది."

"ఏమన్నావు?"

"పరీక్షల డ్యూటీలో ఉందన్నా."

అమ్మకు పరీక్షలంటే చాలా గౌరవం. ఆ మాట విని ఇంక అడిగి ఉండదు. నాకు ఏడుపు రాలేదు. అక్కే ఏడ్చింది, చప్పుడు లేకుండా, ముక్కు తుడుచుకుంటూ.

"తప్పేనే," అంది చివరికి. "అప్పుడు తెలియలేదు."

పర్లేదు అనలేకపోయాను. పర్లేదనిపించలేదు. మధ్యాహ్నం అక్క వంకాయ కూర చేసింది, ఇద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. బావ వచ్చి వర్షాల సంగతి మాట్లాడాడు. సాయంత్రం బస్సులో ఒంగోలు దాటాక పచ్చదనం పోయి నల్ల నేలలు, ఎండిన పొగాకు మోళ్లు మొదలయ్యాయి. అమ్మ చివరిసారి నా గురించి అనుకున్నది, నేను ఎక్కడో పరీక్ష హాల్లో పచార్లు చేస్తున్నానని. అది ఇప్పటికీ మింగుడు పడదు.

సోమవారం క్లాసయ్యాక ఆ అమ్మాయిని ఆగమన్నాను.

"నువ్వు చదివింది సరిగ్గానే ఉంది," అన్నాను.

"మీరే రాశారు గదండి?"

"ఎట్లా తెలిసింది?"

"అందరూ చెప్పినవాటికి అవునో కాదో అన్నారండి. నాకొక్కదానికే ఏమీ అనలేదు." కాస్త తటపటాయించి, "తప్పుగా అనుంటే ఏమనుకోకండి," అంది.

ఏమీ అనుకోలేదన్నాను. అది నిజం. ఆ ఏడు చివర్లో ఆ పిల్ల కాలేజీ మారి ఒంగోలు వెళ్లిపోయింది. నేను అదే గదిలో ఉన్నాను.

ఇప్పుడు ఆదివారాలు అక్క ఫోన్ చేస్తుంది. ఏం వండావంటుంది. చెబుతాను. కరెంటు పోయిందంటుంది, మినుములు ఈసారి పురుగు పట్టాయంటుంది. ఆ నాలుగు రోజుల గురించి మళ్లీ ఇద్దరం ఎత్తలేదు. ఐదు నిమిషాల్లో మాటలైపోతాయి. అయినా వెంటనే పెట్టేయదు. అటువైపు వాళ్ల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతూ ఉంటుంది.

"ఉన్నావా?" అంటుంది కాసేపటికి.

"ఉన్నా," అంటాను.