వినాయకుడి పీట కింద పెట్టిన చెవి

మీ కళ్ల ముందు ఏదైనా దానంతటదే వెలిగితే మీ చేతులు ముందు ఎటు పోతాయి, వైరు వెతకడానికా, దండం పెట్టడానికా? తొందరపడి జవాబు చెప్పకండి. ఆ రోజుల్లో నన్నడిగితే నేనూ తడుముకోకుండా "వైరు" అనేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. గోదావరిఖనిలో డిప్లొమా పాసై, ఉద్యోగం దొరక్క, దేవుడు లేడని మా కాలనీ టీ కొట్టు దగ్గర రోజూ నిరూపిస్తూ తిరిగేవాణ్ణి. (వినేవాళ్లలో ఎక్కువమంది అప్పుడే డ్యూటీ దిగినవాళ్లు. వాళ్ల కునుకును నేను అంగీకారం అనుకునేవాణ్ణి.)

అలాంటి నేను వినాయకుడి మండపానికి లైట్లు చేసింది భక్తితో కాదు, గొప్ప కోసం. ఫోనులో వీడియోలు చూసి నేర్చిన పని. అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు, దానికో బుల్లి మైకు, ఓ ఎల్ఈడీ పట్టీ. మైకు చప్పుడు వింటుంది, బోర్డు కొలుస్తుంది, నేను రాసిపెట్టిన హద్దు దాటితే లైట్లు వెలుగుతాయి. పట్టీని విగ్రహం తల వెనక చక్రంలా చుట్టి, మైకును పీట కింద దాచాను. సాయంత్రం భజనలో డోలక్ మీద దెబ్బ పడ్డప్పుడల్లా చక్రం ఎర్రగా, పచ్చగా ఎగిసింది. మండపం పెద్ద (ఆయన్ని అందరూ సెక్రటరీ అనేవారు, దేనికి సెక్రటరీయో ఎవరూ అడగలేదు) నా భుజాల మీద శాలువా కప్పి, "మన కాలనీ సైంటిస్టు" అన్నాడు. నాస్తికుడికి ఆ శాలువా గుచ్చుకోవాలి. నాకు వెచ్చగానే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం మండపంలో మా కాక, అంటే మా నాన్న తమ్ముడు, ఒక్కడే కూర్చున్నాడు. మా కాలనీలో మధ్యాహ్నాలు లౌడ్‌స్పీకరు పెట్టరు. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పడుకుంటారు, వాళ్లను లేపే హక్కు దేవుడికి కూడా లేదు. కాక మా కాలనీ పక్కనే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బండ పగలగొట్టడానికి రంధ్రాల్లో పేలుడు మందు నింపే పనివాడు. అప్పుడు సిక్కు లీవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. షుగరు వల్ల కాలి బొటనవేలు పుండుపడి నల్లబడింది. వేలు తీసేయాలి, ఆలస్యం చేస్తే పాదమే పోతుందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఇరవై ఏళ్లు పేలుడు మందుతో కాపురం చేసినవాడు కత్తి అనగానే వణికిపోయాడు. "దేవా, దవాఖానకు పోవద్దంటే ఓ నిశాని చూపియ్యి" అని మొక్కాడట. చక్రం భగ్గున వెలిగింది.

"సప్పుడే లేదు బిడ్డా. ఆకు గూడ కదల్లె. పోవద్దన్నడు" అంటూ ఇంటికొచ్చి మంచమెక్కాడు. చిన్నమ్మ ఏడ్చింది. నేను నవ్వాను. లూజు కనెక్షన్ అని తేల్చి, వైర్లన్నీ విప్పి మళ్లీ అతికించాను. మర్నాడు అదే వేళకు పదిమంది చూస్తుండగా మళ్లీ వెలిగింది. బోర్డులో హద్దు పెంచాను. ఐదో రోజు సగం కాలనీ కొబ్బరికాయలతో వచ్చి నోరు మూసుకుని నిలబడింది. అయినా వెలిగింది. "గిది సైన్సుకు అందేది గాదు" అన్నాడు సెక్రటరీ నా వైపే చూస్తూ. అప్పుడు నా చేతులు ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. ఎందుకంటే, బయట ఉంటే అవి ఒకదాన్నొకటి వెతుక్కునేలా ఉన్నాయి.

ఆ సాయంత్రం కాకను చూడబోతే పుండు వాసన వరండా దాకా వచ్చింది. ఇంటికొచ్చి, ఇంట్లో ఉన్న రెండో బోర్డు ముందేసుకుని తల పట్టుకుని కూర్చున్నాను. మా వదిన వచ్చింది. గనుల ముఖం చూడని పల్లె నుంచి మూడు నెలల కిందటే మా ఇంటికి కోడలై వచ్చిన మనిషి.

"ఏంది సైంటిస్టూ, దేవుడు దొరికిండా?"

"పగటీలి సప్పుడు లేకుండ ఎట్ల వెలుగుతుందో సమజైతలేదు వదినా."

ఆమె నన్ను వింతగా చూసింది. "సప్పుడు లేదా? రోజు రెండున్నరకు భూమి పగిలినట్టు అయితది. నాకు గుండె జారుతది, గిన్నెలు దొర్లుతయి. మీకు ఇనపడదా ఏంది?"

గనిలో బ్లాస్టింగు! రోజూ ఆ వేళకు సైరన్ మోగుతుంది, నేల అదురుతుంది, కిటికీలు గలగలమంటాయి. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి కాలనీలో ఎవరమూ వినం. నేను వినలేదు. ఆ మోతను ఏళ్ల తరబడి తన చేత్తో మోగించిన మా కాకా వినలేదు. కాలనీకి కొత్తగా వచ్చిన ఇద్దరికే వినపడింది, మా వదినకూ, పీట కింది మైకుకూ.

కార్యకారణ సంబంధం గురించి కాకకు అప్పటికప్పుడు ఉపన్యాసం ఇవ్వాలని లేచాను. వదిన అడ్డం నిలబడింది.

"నువ్వు చెప్తె ఇంటడా? ఇన్ని దినాలు నీ మాట ఎవలిన్నరు? రేపు గదే టైముకు తోల్కపో. దవాఖానకు పోవాల్నా అని అడుగుమను."

"అది మోసం వదినా."

"కాలు పోయినంక నీ నిజం కట్టుకొని నడుస్తడా?"

మర్నాడు కాకను స్కూటరు మీద తీసుకెళ్లాను. "ఓసారి చెప్పిండు గద, మళ్ల అడుగుడేంది?" అన్నాడు. "అప్పుడు పుండు గింత లేదు గద కాకా" అని, వాచీ చూసి, "ఇగ అడుగు, పోవాల్నా అని" అన్నాను. (పూజారుల ముహూర్తాలను వెక్కిరిస్తూ నేను వ్యాసం రాసి అప్పటికి నెల కాలేదు.) చక్రం వెలిగింది. కాక కళ్లు తుడుచుకుని, "పా బిడ్డా, జల్ది దవాఖానకు పోదాం" అన్నాడు. వేలు పోయింది. పాదం మిగిలింది.

నిజం తర్వాత చెబుదామనుకున్నాను. కుట్లు విప్పాక అనుకున్నాను, డ్యూటీ ఎక్కాక అనుకున్నాను. ఈలోగా మరుసటి ఏడాది వినాయకుడొచ్చాడు, లైట్లు మళ్లీ నాచేతే పెట్టించారు. మధ్యాహ్నం రెండున్నరకు మండపం ముందు వరుస కట్టారు. పెళ్లి కుదురుతుందా అనేవాళ్లు, పరీక్ష పాసవుతానా అనేవాళ్లు, ఆపరేషన్ వద్దంటావా స్వామీ అనేవాళ్లు. ఆ వరుస కట్టించింది సెక్రటరీ కాదు, నేను. ఆ తర్వాతి ఏళ్లలో మూఢనమ్మకాల మీద ఊరూరా గొంతు చించుకున్నాను గానీ, సొంత చేతులతో సోల్డరింగ్ చేసిన ఈ ఒక్క మూఢనమ్మకం గురించి ఎక్కడా నోరు విప్పలేదు. కాక ఇప్పటికీ ఆ కాలితోనే మా ఇంటికి నడిచొచ్చి, "దేవుడు లేడంటవ్, మరి నా పాదం ఎవలు నిలబెట్టిన్రు రా" అంటాడు. వదిన వంటింట్లోంచి నా వంక చూస్తుంది. నేను టీ గ్లాసులోకి చూస్తాను. జేబుల్లో చేతులు దాచుకున్న ఆ సైంటిస్టు గుర్తొచ్చి నవ్వొస్తుంది, రెండున్నర వరుస గుర్తొచ్చి ఆగిపోతుంది.

చాలు. ఈ కాగితం అచ్చుకు పోయే ముందు కాకకు చదివి వినిపిస్తాను. ఆయన ఏమన్నా పడతాను. మీరూ లేవండి. మీ వీధిలో దానంతటదే వెలుగుతున్నదేదైనా ఉంటే, జోడించిన చేతులు విడదీసి, వైరు పట్టుకుని చివరిదాకా నడవండి. అక్కడేం కనపడిందో వరుసలో నిలబడ్డ ప్రతి మనిషికీ ఆ పూటే, గట్టిగా చెప్పండి.