పైకి చెబుతూ రాయాలి

"సార్, గా యాప్‌ల ఏది పెట్టినా ముందు మీ చెవుల పడాలె. మీరు సరే అన్నంకనే పిల్లలకిస్త."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు మూడో అంతస్తులో, స్టాఫ్ రూములో అందరి ముందూ ఇచ్చిన మాట అది. ఇచ్చింది సెంటరు యజమాని భాస్కర్. పుచ్చుకున్నది మా లెక్కల మాస్టారు. అక్కడ ఇంగ్లీషు చెప్పే నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. చాలా ఏళ్లయింది. ఆ మాట నిలబడలేదు. పోయిన నెల మాస్టారు కూడా వెళ్ళిపోయారు. కొత్తపేటలో తన ఇంట్లో పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ కుర్చీలోనే కన్నుమూశారు. వాళ్ళావిడ ఫోన్ చేసి, నింపాదిగానే చెప్పారు.

ఆయనది కృష్ణా జిల్లా. నడివయసులో నీటికాసులు వచ్చి చూపు అంచుల నుంచి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. పాఠం మాత్రం ఆగలేదు. బోర్డు దగ్గర ఒక విద్యార్థిని నిలబెట్టి, తను కుర్చీలో కూర్చుని లెక్క నడిపించేవారు. ఆయన క్లాసులో ఒకటే నియమం: రాసేవాడు పైకి చెబుతూ రాయాలి. ఎవరైనా మౌనంగా రాస్తే సుద్దముక్క చప్పుడును బట్టి పట్టేసేవారు.

"ఏవిటోయ్, నీలో నువ్వే చెప్పుకుంటున్నావా? ఇక్కడ ఇంకా మనుషులున్నాం."

తన కోసం పెట్టుకున్న ఆ నియమం వెనక బెంచీలకు బాగా పనికొచ్చింది. బోర్డు ఆనని వాళ్లకూ, నోట్సులో వెనకబడ్డ వాళ్లకూ లెక్క చెవిన పడేది. అందుకే ఆయన క్లాసులో వెనక బెంచీల కోసం పోటీ ఉండేది. వాళ్లలో కొందరు నా క్లాసుకు అసలు వచ్చేవారు కాదు. ఆ సంగతి నేనింకా మరిచిపోలేదు.

ఈ సెంటరు రాకముందు ఆయన దగ్గర ఎక్కువ కాలం బోర్డు రాసిన విద్యార్థి భాస్కరే. పోచంపల్లి వైపు నేతవాళ్ల కుటుంబం. గట్టి గొంతు, గుండ్రటి దస్తూరీ. సెంటరు పెట్టినప్పుడు మొదట పిలిచింది మాస్టారినే.

చూపు పోయినా మాస్టారి జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. మాట్లాడుతూ దాన్ని వేళ్ల మధ్య తిప్పేవారు. ఫోను మాత్రం చెవి దగ్గరే. తెర మీద ఉన్నదంతా ఒక గొంతు చదివి చెబుతుండేది, పక్కనున్న మనిషికి ముక్క అర్థం కానంత వేగంగా. అలా వాగుతుంటే మీకేం తెలుస్తుందండీ అని అడిగాను. "మీరు కంటితో దాటేసేది నేను చెవితో దాటేస్తాను" అన్నారు.

సెంటరుకు యాప్ వచ్చాక పిల్లలు సందేహాలన్నీ అందులోనే పెట్టాలి, మాస్టార్లు అందులోనే జవాబివ్వాలి. ఈయన తెరిచి వేలు జరిపితే ఫోను "బటన్, బటన్, బటన్" అంటుంది తప్ప అది ఏ బటనో చెప్పదు. యాప్ తయారుచేసిన కుర్రాళ్లను కూర్చోబెట్టి, ప్రతి బటనుకూ లోపల ఒక పేరు రాయండి నాయనా, మీ కళ్లకు కనిపించక్కర్లేదు, నా ఫోనుకు తెలిస్తే చాలు అని చెప్పారు. వాళ్లు శ్రద్ధగా తలలూపారు.

కొన్నాళ్లకు మార్పు వచ్చింది. యాప్ తెరవగానే వేణువు మోగింది. ఆ వెంటనే ఒక అమ్మాయి గొంతు "నమస్కారం గురువుగారూ" అంటూ స్వాగతం మొదలుపెట్టింది. కళ్లు లేనివారికి కావలసింది శబ్దమే కదా అనుకున్నారట. ఆ స్వాగతం ఆగదు. దాని కింద ఫోను చదివేది వినపడదు. స్వాగతం ఆపే బటనుకూ పేరు లేదు. మాస్టారు కాసేపు విని ఫోను బల్ల మీద పెట్టారు. "పెళ్ళిపందిట్లో లెక్క చెప్పమన్నట్టుందండీ" అని నవ్వారు.

ఆ యేటి వార్షికోత్సవంలో, దివ్యాంగులు కూడా వాడగల యాప్ మాదే అని బ్యానరు కట్టి, వేదిక మీద ఆయనకే శాలువా కప్పారు. ఎన్నో పుస్తకాలు చదివాను. అన్యాయాలను కోపంతోనో, దురాశతోనో చేసేవాళ్లే వాటిలో ఎక్కువ. శాలువాతో చేయడం ఇక్కడే చూశాను. ఆయన వంగి భాస్కర్ చెవిలో అన్న మాట ముందు వరసలో ఉన్న నాకు వినపడింది.

"ఒరేయ్, బటన్లకు పేర్లెప్పుడు పెడతావురా?"

"వచ్చే అప్‌డేట్‌ల పక్కా సార్."

అప్‌డేట్లు వచ్చాయి. రంగులు మారాయి, పేర్లు రాలేదు. సందేహాలు జవాబు లేకుండా పేరుకుపోయాయి. తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ముసలాయనను పరేషాన్ చేసుడెందుకని ఆయన క్లాసును వేరొకరికి ఇచ్చేశారు. నేను భాస్కర్ గదిలోకి వెళ్లి, బటన్లకు పేర్లు పెట్టడం ఎంత పని అని అడిగాను.

"పెద్ద పనేం గాదు సార్. గని ఒక్కరి కోసమేనా?"

ఆ తర్వాత కూడా మాస్టారు క్లాసు వేళకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవారు. నేను ఆవేశపడితే చెయ్యి అడ్డం పెట్టేవారు. ఒక్కసారి మాత్రం అన్నారు: "జీతం సంగతి కాదండీ. పిల్లవాడు అడిగితే నేను పలకలేదని అనుకుంటున్నాడు. అదీ నా బాధ."

నా కళ్లూ ఇప్పుడు మసకబారాయి. చదివే గొంతును నా ఫోనులో పెట్టి నేర్పింది ఆయనే. నిదానంగా చదివేలా పెట్టి, మీకింకా కంటి పొగరు పోలేదు, ఇలాగే మొదలుపెట్టండి అన్నారు.

పెద్దకర్మ నాడు ఆ యాప్‌లో మాస్టారి ఫొటో పెట్టారని, దానికి దండ వేశారని ఎవరో చెప్పారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని తెరిచాను. వేణువు మోగింది. వేణువు సందుల్లోంచి వింటూ, తెర మధ్యలో ఆయన ముఖం ఉంటుందనుకున్న చోట వేలు పెట్టాను. "ఇమేజ్" అంది ఫోను. ఎవరిదో చెప్పలేదు. వేలు కిందికి జరిపితే "బటన్" అంది.

ఆ కుర్రాళ్లు తెలియక చేశారని అందరూ అంటారు. నిజమే. వాళ్లెప్పుడూ ఆ బోర్డు ముందు నిలబడలేదు. నిలబడి, ఒక్కొక్క అంకె పైకి చెబుతూ, కుర్చీలో కూర్చున్న మనిషి తల ఊపేదాకా ఆగి, ఆ తర్వాతే రెండో వరస రాసినవాడు ఒకడున్నాడు. వాడికి తెలుసు. భాస్కర్‌కి తెలుసు.