కొండదారికి బిగించిన ట్రైలరు

మా బావగారు పోయి ఇరవై రోజులైంది. ఆయన నా భర్తకు అన్నగారు. ఆ వార్త నాకు కోవెల వంటగదిలో తెలిసింది. పులిహోర కలుపుతుంటే మా ఎదురింటావిడ చెప్పులైనా లేకుండా వచ్చి, "మీ బావగారు ట్రైలరు కిందనుంచి లేవడం నేదు, బేగి రా" అంది. ఉదయం నుంచి ఆయన కాళ్ళు ట్రైలరు కింద నుంచి కనిపిస్తూనే ఉన్నాయట. పని చేసుకుంటున్నారనుకుని అందరూ అటూ ఇటూ తిరిగారు. ఆయన భార్య, నా తోడికోడలు, టీ గ్లాసు ఆ కాళ్ళ పక్కన పెట్టి వెళ్ళింది. రెండో గ్లాసు తెచ్చినప్పుడు మొదటిది ముట్టకుండా ఉండడం చూసి కేక వేసింది.

పదకొండో రోజున కోవెల్లో తలా రెండు మాటలు చెప్పారు. నన్నూ అడిగారు. "మంచివారు" అని కూర్చున్నాను. నా గొంతు చిన్నది, వినబడలేదని మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ అదే అన్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. నోటితో చెప్పలేనిది రాయగలనేమోనని కలం పట్టుకున్నాను. పదో తరగతి బర్మా భాషలో చదివాను, తెలుగు కోవెల బడిలో నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

మా ఇంటి ముందు భాగమంతా ఆయన షెడ్డే. నా భర్త పోయాక నేనూ, నా కూతురూ వెనక గదుల్లో ఉండిపోయాం. రోడ్డు లేని చోట నడిచే పెద్ద చక్రాల జీపులు, బగ్గీలు ఉంటాయి కదా, మా వీధిలో వాటిని బురదబళ్ళంటాం. వాటిని ఊరు దాటించడానికి ట్రైలరు కావాలి. ఆ ట్రైలర్లను సిద్ధం చేయడం, వాటి మీద బండిని కదలకుండా కట్టడం ఆయన పని. రంగూన్లో డబ్బున్నవాళ్ళకి ఆ ఆట పిచ్చి పట్టిన రోజుల్లో మా గుమ్మం ముందు వరస కట్టేవారు. మింగళాడోన్ వైపు నుంచి సైన్యం వాళ్ళూ వచ్చేవారు. ఆయన అందరికీ ఒకేలా కట్టేవారు.

బరువు ముందుకుండాలి, వెనక్కుంటే ట్రైలరు తోక ఊపుతుందనేవారు. ట్రైలరు ముక్కు మీద ఎంత బరువు దిగుతోందో చూడడానికి నా గదిలోని తూకం మిషను పట్టుకెళ్ళి గ్రీజు మరకలతో తిరిగిచ్చేవారు. జీపుకీ ట్రైలరుకీ మధ్య గొలుసులు కత్తెరలా వేసేవారు. కొక్కెం ఊడినా ముక్కు రోడ్డుకి తగలకుండా ఆ గొలుసుల ఊయల్లో పడుతుందట. బండిని కట్టే బెల్టుకి ఒక్క మెలిక వేసేవారు. లేకపోతే గాలికి దారంతా బుర్రుమంటుంది. అంతా అయ్యాక డ్రైవరుతో ఎప్పుడూ ఒకే మాట: "కట్టు కొత్తలో అబద్దమాడతాది. అరగంట పోయాక దిగి మళ్ళీ బిగించు."

పని మొదలుపెట్టే ముందు ఆయన మూడు ప్రశ్నలు అడిగేవారు. "ఏ రోడ్డు? ఎంత దూరం? ఎవులు తోల్తారు?" జవాబు షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకునేవారు. ఎందుకని నేనొకసారి అడిగితే, "సెప్పు కుట్టేవోడు కాలు సూడొద్దేటి?" అన్నారు.

తరువాత సైన్యం అధికారం పట్టుకుంది. జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి. దానికి తోడు రోగం. సందుల మొదట్లో వెదుళ్ళు అడ్డం కట్టారు. ఎవరింట్లో వాళ్ళం, ఎవరి భయంలో వాళ్ళం. ఇంటికి చుట్టం వచ్చి పడుకున్నా వార్డు ఆఫీసులో చెప్పాలి. అలాంటి రోజుల్లో "ఏ రోడ్డు, ఎవరు తోలతారు" అని అడిగే మనిషిని చూసి ఏమనుకుంటారు? ఎదురింటావిడే ముందు అంది. "మీ బావగారికి అందరి రోడ్లూ ఎందుకమ్మా, రోడ్డేయిస్తాడేటి? దలానేమో సూసుకో." దలాన్ అంటే ఇక్కడ సైన్యానికి కబురు మోసేవాడు. కోవెలకి వచ్చే మీలో కొందరూ ఆ మాట అన్నారు. నేను విన్నాను, ఖండించలేదు.

ఒకరోజు చూస్తే గోడ మీద సుద్ద రాతలన్నీ తుడిచేసి ఉన్నాయి. అంతకుముందు రాసినందుకు అనుమానించాను, ఇప్పుడు తుడిచినందుకు అనుమానించాను. ఎక్కడో కాగితం మీదికి ఎక్కించి ఎవరికో ఇచ్చి ఉంటారని అనుకున్నాను. మింగళాడోన్ సైన్యం మనిషి వచ్చి ఆయనతో టీ తాగితే, పూజ గదిలో కూర్చుని ఎన్ని మాటలు మాట్లాడుకున్నారో వింటూ ఉండేదాన్ని. పెదవుల మీద విష్ణు నామం, చెవులు మాత్రం షెడ్డులో.

నా కూతురు నర్సు చదువు చదువుతోంది. కాల్పుల్లో గాయపడిన పిల్లలకి కట్లు కట్టింది. ఆమె కోసం వెతుకుతున్నారని తెలిసి, ఊరికి ఆ చివర నా స్నేహితురాలి ఇంట్లో దాచాను. తూర్పు సరిహద్దు కొండలు దాటిస్తే బతుకుతుంది. నా కూతురికి తెలిసిన ఒక బర్మా డ్రైవరు ఉపాయం చెప్పాడు. జీపు వెనక ట్రైలరు, దాని మీద బగ్గీ. ఎవరైనా గొప్పింటి ఆట అనుకుంటారు. దారిలో ఆమెను ఎక్కించుకుంటాడు. మంచి ట్రైలరు కట్టగలిగింది మా బావగారొక్కరే. ఆయనతో మాత్రం ట్వంటే వెళుతున్నట్టు చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. ట్వంటే అంతా చదును, వరి పొలాలు, కాలువ గట్లు.

డ్రైవరు ట్రైలరు దింపి వెళ్ళాక ఆయన నా వాకిట్లోకి వచ్చారు.

"అమ్మాయ్, ఆ కుర్రోడు ట్వంటే అంటన్నాడు. ట్వంటేకి ఆరు డబ్బాల పెట్రోలేటి? కాలవలో పోసి ఈదుతాడేటి?"

"నాకేం తెలుసు బావగారూ. ట్వంటే అనే విన్నాను."

"రోడ్డు తప్పు సెప్తే కట్టు తప్పవుద్ది. నాకు సెప్పక్కర్నేదు. ఆడి మంచికే సెప్తన్నాను."

"ట్వంటేనే."

ఆయన వెనుదిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయారు. మర్నాడు కిటికీలోంచి చూస్తే ట్రైలరు చక్రాలకి బ్రేకులు బిగిస్తున్నారు. చదును రోడ్డుకి జీపు బ్రేకు చాలు, కొండ దిగాలంటేనే ట్రైలరుకి సొంత బ్రేకు కావాలని ఆయన ఎన్నిసార్లు చెప్పారో. ఈయనకి తెలిసిపోయింది. చెప్పకుండానే తెలిసిందంటే ఎవరో చెప్పి ఉండాలి. రేపు ఈయన ఎవరికి చెబుతారో!

ఆ మధ్యాహ్నమే ప్రసాదం డబ్బాతో సిటీ బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్ళాను. "పెదనాన్న ట్రైలరు తయారవలేదట. రేపు బస్సులో వెళ్ళిపో" అన్నాను. జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో అదే అన్నిటికన్నా సులువుగా వచ్చింది.

తెల్లారి జీపు వచ్చింది, కొండలు దాటాల్సిన ఇంకో ఇద్దరు పిల్లలు అందులో ఉన్నారు. మా అమ్మాయికి జ్వరం, రాదని డ్రైవరుతో చెప్పాను. బావగారు గొలుసులు బిగిస్తూ విన్నారు. అమ్మాయి మాట ఆయన దగ్గర ఎవరూ ఎత్తలేదు. అయినా ఆశ్చర్యపోలేదు. లేచి చేతులు తుడుచుకుని మెల్లగా అడిగారు.

"ట్రైలరు మీద అనుమానమా అమ్మాయ్, నా మీదా?"

నేను లోపలికి వచ్చి దీపం వెలిగించుకున్నాను.

బస్సును దారిలో ఆపి అందరి ఫోన్లూ చూశారు. నా కూతురి ఫోనులో గాయాల ఫొటోలున్నాయి. రెండు రోజుల తరువాత ఆమె ఇన్సేన్ జైల్లో ఉందని తెలిసింది. ఆ రెండు రోజులూ బావగారినే అనుమానించాను. తరువాత గుర్తొచ్చింది, బస్సు సంగతి ఆయనకి తెలియదు. నాకూ, నా కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు.

జైలుకి పార్సెలు పట్టుకెళ్ళే ప్రతిసారీ ఆయన నాతో రైలెక్కారు. సబ్బు, ఎండు చేపల పొడి, పంటి మందు ఉన్న సంచీ ఆయనే మోసేవారు. చాలాకాలానికి ములాకత్ ఇచ్చారు. జాలీ అవతల నా కూతురు చిక్కిపోయి ఉంది, అయినా నవ్వింది.

"పెదనాన్నా, ఆ రోజు నీ ట్రైలరు రెడీ అయ్యుంటే నాకీ నీళ్ళపప్పు తప్పేది."

ఆయన నా వైపు చూడలేదు.

"నిజమేనమ్మా. బేరింగు దొరకనేదు. ముసలోడినైపోయాను."

"నలభై ఏళ్ళలో ఒక్కసారి లేటు. అదీ నా వంతేనా?"

"నీ వంతేనే తల్లీ. సెమించు."

చెప్పిన రోజుకి పని అవ్వలేదని ఆయనను ఎవరూ ఎన్నడూ అనలేదు. ఒళ్ళు కాలిపోతున్నా షెడ్డులో కూర్చుని పని ముగించిన మనిషి. రైల్లో నేను ఏడుస్తూ, "బావగారూ, నేను చెప్పేస్తాను" అన్నాను. ఆయన ఖాళీ సంచీ మడతపెడుతూ అన్నారు:

"మన గుంట జైల్లో ఉన్నాది. తల్లి మీద కోపమెట్టుకుని లోపల కూకోనేదు. నా మీదయితే పర్వానేదు. బయటికొచ్చాక సెప్పుకుందుగాని."

ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన నన్ను క్షమించారా అని అడగడానికి ధైర్యం రాలేదు. రోజూ ఎప్పటిలాగే ఇడ్లీ తిని, నా తూకం మిషను అడిగి పట్టుకెళ్ళేవారు.

పదకొండో రోజున ఆ డ్రైవరు వచ్చాడు. అతన్ని చూడగానే, వెనక ఎవరైనా వచ్చారేమోనని వీధంతా చూశాను. ఆ అలవాటు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి గడియ చూసుకున్నాను. అతను భోజనం చేశాక నాతో చెప్పాడు.

"మమ్మల్ని మూడు చోట్ల ఆపారు, ఆంటీ. బగ్గీని చూసి, ఆటకి పోతున్నారా అని నవ్వి వదిలేశారు. కొండ దిగుతుంటే వాన. ఆ బ్రేకులు లేకపోతే ట్రైలరు మమ్మల్ని లోయలోకి తోసేసేది. అంకుల్ ఎవరినీ ఏమీ అడగలేదు, పెట్రోలు డబ్బాలు చూసే రోడ్డు తెలుసుకున్నారు. గోడ మీద రాతలు మా లాంటి వాళ్ళ కోసమే తుడిచారు." ఆగి మళ్ళీ అన్నాడు. "ఆ ఉదయం మేం వెంటనే వెళ్ళలేదు. వీధి మలుపులో ఆగమన్నారు. అమ్మాయి తల్లి మనసు మార్చుకుని వస్తుంది, అరగంట చూడండి అన్నారు. ఆయనా మాతో నిలబడ్డారు."

నేను ఆ అరగంటా దీపం ముందు కళ్ళు మూసుకుని ఉన్నాను.

ఈ నెలాఖరున ములాకత్ ఉంది. పెదనాన్న లేరని నా కూతురికి చెప్పాలి. ట్రైలరు సంగతి కూడా అప్పుడే చెప్పేయాలనిపిస్తుంది. పక్కన నిలబడే పోలీసుకి తెలుగు రాదు, అడ్డేమీ లేదు. చెబితే ఆయన పనికి పట్టిన మచ్చ పోతుంది. కానీ నా మీద కోపంతో ఆమె ఇంకా రెండేళ్ళు ఆ గోడల మధ్య కూర్చోవాలి. అది జరగకూడదనే ఆయన ఆ మచ్చ పెట్టుకున్నారు. అందుకని చావు ఒక్కటే చెబుతాను. ఆమె తనకు ట్రైలరు అందించలేకపోయిన పెదనాన్న కోసం ఏడుస్తుంది. నేను ఊరుకుంటాను.

ఆమె బయటికి వచ్చేసరికి నేను ఉంటానో లేదో తెలియదు. అందుకే ఈ కాగితాలు మీలో ఇద్దరు ముగ్గురికి ఇస్తున్నాను. నేను లేకపోతే ఆమె చేతికివ్వండి. అందాకా బియ్యం డబ్బా అడుగునో, దేవుడి పటం వెనకో దాచండి. ఉదయం గేటు ముందు నీళ్ళు చల్లుతూ వీధి మలుపు వైపు చూస్తాను. నా కళ్ళకి జీపు పక్కన ఒక పెద్దాయన, చేతిలో గ్రీజు గుడ్డతో, మా గేటు వైపే చూస్తూ నిలబడి ఉంటారు. దాచండి. ఎవరికీ చూపించకండి.