జీరో టికెట్

సుమలత కండక్టర్. జగిత్యాల నుంచి మల్యాల, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే పల్లెవెలుగు బస్సు ఆమెది. ఆమెది అంటే డ్రైవర్‌కు నచ్చదు గానీ, ఆ రూట్లో ఏ స్టేజీలో ఎవరెక్కుతారో, ఎవరు టికెట్ అడగగానే కిటికీలోంచి పొలాలు చూడటం మొదలుపెడతారో పన్నెండేళ్లుగా ఆమెకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. వయసు ముప్పై ఆరు. మల్యాల దగ్గరి పల్లెలో ఇల్లు. తల్లి అంజవ్వ పత్తి ఏరబోతుంది, భర్త రమేశ్ సెంట్రింగ్ పనికి పోతాడు. పదో తరగతి ఇంగ్లీషులో ముప్పై ఆరు మార్కులతో ఎట్లాగో గట్టెక్కిన ఈ మనిషి దూరవిద్యలో డిగ్రీ చేసి, గ్రూప్-1 రాస్తానన్నప్పుడు డిపోలో నవ్వనివాళ్లు లేరు. నవ్విన వాళ్లందరి పేర్లూ ఆమె గుర్తు పెట్టుకుంది. అటువంటి మనిషి.

పరీక్ష అంటే ఏమిటో ఆమెకు మొదట విడమరిచి చెప్పింది సిరిసిల్ల బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే నవీన్. బస్సు అక్కడ నలభై నిమిషాలు ఆగుతుంది. ఆ నలభై నిమిషాల్లో నవీన్ సిలబస్ కాగితాలు తీసి కౌంటర్ మీద పరిచాడు.

"రెండు స్టేజీలక్కా. మొదటి స్టేజీ ప్రిలిమ్స్. నూటయాభై ప్రశ్నలు, గుండ్రాలు నింపుడే. గా మార్కులు మెయిన్స్‌ల కూర్చునేదానికే పనికస్తయి, ఆడనే ఖతం. రెండో స్టేజీ మెయిన్స్. గదే అసలుది. రాసుడు, రోజుకు మూడు గంటలు. ముందుగాల ఇంటర్వ్యూ ఉండె, దాన్ని తీసేసిండ్రు."

స్టేజీ అన్న మాట వినేసరికి సుమలత గుండె కుదుటపడింది. స్టేజీలు తనకు కొత్తా? బస్సు స్టేజీలో ఆగుతుంది, ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు, బస్సు మళ్లీ కదులుతుంది. దానికింత భయమెందుకు అనుకుంది.

"మెయిన్స్‌ల ఎన్ని పేపర్లు?"

"ఏడు. కని లెక్కకు అచ్చేటియి ఆరే. జనరల్ ఎస్సే, చరిత్ర, సమాజం రాజ్యాంగం, ఎకానమీ, సైన్సు, తెలంగాణ ఉద్యమం. అన్ని తెలుగుల రాయచ్చు. మొదటి రోజు ఇంగ్లీషు ఉంటది, గది లెక్కకు రాదు. ఇడిసిపెట్టు."

ఇంతకన్నా తీయని మాట ఆమె ఈ మధ్య వినలేదు. అక్కడికక్కడే పెన్ను తీసి సిలబస్‌లో ఇంగ్లీషు మీద అడ్డంగా గీత గీసింది. ముప్పై ఆరు మార్కుల పీడ వదిలిందనుకుంది. పాపం నవీన్ అబద్ధం చెప్పలేదు. అతను చెప్పేదంతా మొదటి స్టేజీ వరకు అక్షరాలా నిజం. నాలుగుసార్లు పరీక్ష రాసి, నాలుగుసార్లూ ఆ మొదటి స్టేజీలోనే దిగిపోయినవాడు. ఆ తర్వాతి దారి అతనూ విన్నదే గానీ చూసింది కాదు.

జూన్‌లో సుమలత ప్రిలిమ్స్ రాసింది. జూలైలో ఆమె నెంబరు వచ్చింది. డిపోలో నవ్వు తగ్గింది.

అక్కడినుంచి ఆరు పేపర్ల వెంటపడింది. తెలంగాణ ఉద్యమం పేపర్ చదవాల్సిన పనే లేదనుకుంది, కళ్లతో చూసిందే కదా. తీరా పుస్తకం తెరిస్తే తాను చూసింది జగిత్యాల చౌరస్తా వరకేనని తెలిసింది. రాజ్యాంగం అధికరణలు చిన్న చీటీల మీద రాసుకుని టికెట్ మెషీన్ వెనకాల రబ్బరు బ్యాండు కింద పెట్టుకునేది. రమేశ్ పొద్దున్నే వంట చేసిపెట్టి పనికి పోయేవాడు. వండింది తినలేకపోయినా ఆమె నోరెత్తలేదు.

పరీక్షకు ఇరవై ఆరు రోజులున్నాయనగా, వేములవాడ ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు ఉందనగా, ఒక స్టేజీలో లసుమవ్వ అనే ముసలామె కూరగాయల మూటతో ఎక్కింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూసి, సున్నా రూపాయల టికెట్ కొట్టి ఇవ్వాలి. అందరూ దాన్ని జీరో టికెట్ అంటారు. సుమలత టికెట్ చించి ఇస్తే లసుమవ్వ తీసుకోలేదు.

"పైసలు లేనిదానికి టికెటెందుకు బిడ్డా? కాయిదం దండుగ."

రోజూ వందమంది అడిగే మాటే అది. సుమలత రోజూ చెప్పే జవాబే చెప్పింది.

"లెక్కకు రాదు గని అవ్వా, గిది నీ దగ్గర లేకుంటె చెకింగోళ్లు నడుమనే దింపుతరు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చి తన చెవిన పడింది. చెయ్యి మెషీన్ మీదే ఆగిపోయింది.

లెక్కకు రాదు. లేకుంటే దింపుతారు.

డ్రైవర్ రెండుసార్లు అడిగితే గాని ఆమె రైట్ చెప్పలేదు. బస్సు నిండా జనం, ఇంకా ముప్పై టికెట్లు కొట్టాలి, డ్యూటీలో ఫోన్ తీయకూడదు. ఆ పద్నాలుగు కిలోమీటర్లూ ఆమె ఎవరికి ఏ ఊరి టికెట్ కొట్టిందో దేవునికే తెలియాలి. కాదులే, నవీన్‌కు తెలియకుండా ఉంటుందా అని ఒకసారి, నవీన్‌కేం తెలుసు అని ఒకసారి అనుకుంటూ వేములవాడ చేరింది.

బస్టాండ్‌లో స్తంభానికి ఆనుకుని ఫోన్‌లో నోటిఫికేషన్ తెరిచింది. ఇంతకుముందు అర్హత చూసింది, ఫీజు చూసింది, తారీఖులు చూసింది. ఇంగ్లీషు పేపర్ గురించి రాసిన చోటు గీత గీసిన రోజునుంచి చూడనే లేదు. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. ఈ పేపర్ మార్కులు ర్యాంకుకు కలపరు. కానీ కనీస మార్కులు తప్పనిసరి. ఆమె కేటగిరీకి నూటయాభైకి నలభై ఐదు. అవి రాకపోతే మిగతా ఆరు పేపర్లు తెరిచి చూడనే చూడరు, ఎంత బాగా రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

రోజూ తన చేత్తో నాలుగైదు వందల జీరో టికెట్లు చించి ఇస్తూ, తన టికెట్ తాను తీసుకోలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

సిరిసిల్లలో దిగి సరాసరి షాపుకు పోయింది. ఫోన్‌లో ఆ చోటు తెరిచి నవీన్ ముందు పెట్టింది.

"నేను ఆడిదాక ఎన్నడు పోలేదక్కా," అన్నాడు మెల్లగా. "అందరు లెక్కకు రాదంటే నేను గూడ గదే చెప్పిన."

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ గీత గీసింది తన పెన్ను, తన చెయ్యి. తిరిగి వచ్చి బస్సెక్కింది.

ఆదివారం కోరుట్ల పోయింది. అక్కడ ప్రవీణ ఉంది. హాస్టల్లో ఇద్దరూ ఒకే ట్రంకు పెట్టెలో బట్టలు పెట్టుకున్నవాళ్లు. ప్రవీణ ఇప్పుడు ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచర్. స్నేహితురాలని చూడలేదు, చాయ్ కూడా పోయలేదు, పాత పేపర్ ఒకటి ముందు పెట్టి గడియారం చూసింది. మూడు గంటల తర్వాత ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చింది. నూటయాభైకి పందొమ్మిది.

"ఏందే గిది? ముందుగాల తెలుగుల అనుకొని, దాన్ని ఇంగ్లీషులకు గుంజుకస్తున్నవ్. గుంజంగ గుంజంగ అది తెగిపోతది," అంది ప్రవీణ. "చిన్న మాట రాయి. ఫుల్‌స్టాప్ పెట్టు. మళ్ల చిన్న మాట రాయి. నిన్నెవరు పండితురాలివి కమ్మంటలేరు. నలభై ఐదు గావాలె, గంతే."

ఆ రోజునుంచి సిరిసిల్లలో ఆ నలభై నిమిషాలూ బస్సు వెనక సీట్లో గడిచాయి. ఒక రోజు లేఖ, ఒక రోజు సారాంశం, ఒక రోజు తప్పులు దిద్దడం. రాసి, ఫొటో తీసి పంపేది. ప్రవీణ ఎర్ర గీతలతో తిప్పి పంపేది. ఒకసారి ప్రవీణ ఇచ్చిన ప్రశ్న ఏమిటంటే, మీ ఊరి స్టేజీలో కండక్టర్ బస్సు ఆపడం లేదని డిపో మేనేజర్‌కు ఫిర్యాదు రాయమని. సుమలత పేజీన్నర రాసింది. కండక్టర్ తప్పేమీ లేదని, జనమే స్టేజీ వదిలేసి ఇంటి ముందు ఆపమంటారని, టికెట్ మెషీన్ పాడైతే తిట్లు తినేది కండక్టరేనని. ఇంగ్లీషు అంత ధారాళంగా ఆమెకు అంతకుముందెప్పుడూ రాలేదు. ప్రవీణ సున్నా వేసింది. ప్రశ్న అడిగింది ఫిర్యాదు, నువ్వు రాసింది పంచాయితీ అని కింద రాసింది. ఆ సున్నా చూసి సుమలత రెండు రోజులు ప్రవీణకు ఫోన్ చేయలేదు, మూడో రోజు మళ్లీ రాసి పంపింది.

సెలవు దొరికినప్పుడల్లా కోరుట్ల పోయి రాసిన పాత పేపర్లలో ఇరవై ఆరు, ముప్పై మూడు, ముప్పై రెండు మార్కులొచ్చాయి. హైదరాబాద్ పోయే ముందు ఆఖరి ఆదివారం నలభై ఒకటి. దాని మీద ప్రవీణ ఏమీ రాయలేదు. చాయ్ మాత్రం పోసింది.

మొదటి రోజు ఇంగ్లీషు. హాల్లో ముందు కూర్చున్న అమ్మాయి పెన్ను ఆగకుండా పోతోంది. సుమలతకు సారాంశం దగ్గర ఒక పేరా అసలే అర్థం కాలేదు. మూడుసార్లు చదివింది, నాలుగోసారి అక్షరాలు కదలడం మొదలుపెట్టాయి. దాన్ని వదిలేసి లేఖకు పోయింది. చిన్న మాట, ఫుల్‌స్టాప్. చిన్న మాట, ఫుల్‌స్టాప్. గంట కొట్టేసరికి వేళ్లు వంగిపోయాయి. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని తనకు తానే మార్కులు వేసుకుంది. ఒకసారి వేస్తే యాభై, ఇంకోసారి వేస్తే నలభై. మళ్లీ వేయడానికి ధైర్యం చాల్లేదు.

అసలు నరకం మర్నాటినుంచి. ఆరు రోజులు, రోజుకు మూడు గంటలు, ఆరు పేపర్లు. ఎవరైనా తెరుస్తారో తెరవరో తెలియని కాగితాల మీద ఒళ్లు దాచుకోకుండా రాయాలి. ప్రతి పేజీ తిప్పినప్పుడూ ఇది చెత్తబుట్టలోకేనేమో అన్న ఆలోచన వచ్చేది. ఎకానమీ పేపర్ మధ్యలో నిజంగానే పెన్ను కింద పెట్టేసింది. ఇన్విజిలేటర్ దగ్గరికి వచ్చి నీళ్లు కావాలా అని అడిగింది. తాగి, ముఖం తుడుచుకుని, మళ్లీ రాసింది. ఎందుకు రాస్తున్నావని అడిగితే చెప్పలేకపోయేది. చేతిలో పని సగంలో వదలడం ఆమెకు చేతకాదు, అంతే.

నెలలు గడిచాయి. మార్కులు వచ్చిన రోజు మధ్యాహ్నం ఆమెకు డ్యూటీ లేదు. అంజవ్వ చేను నుంచి వచ్చి గడపలో కూర్చుని కాళ్లలో ముళ్లు తీసుకుంటోంది. సుమలత ఫోన్ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. హాల్ టికెట్ నెంబరు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి పేజీ తెరుచుకుంది.

ఇంగ్లీషు యాభై రెండు.

కింద ఆరు వరుసలు. ప్రతి వరుస ఎదుటా ఒక అంకె. ఎక్కడా ఖాళీ లేదు. మొత్తం తొమ్మిది వందలకు మూడు వందల ఎనభై ఒకటి. ఉద్యోగానికి అది ఏ మూలకూ రాదని ఆమెకు చూడగానే తెలిసిపోయింది. తెలిసినా కళ్లు మాత్రం మొత్తం దగ్గర ఆగకుండా ఆ ఆరు అంకెల మీదే తిరిగాయి. కళ్లు నిండాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"నౌకరి అచ్చిందా బిడ్డా?" అంది అంజవ్వ.

"రాలే."

"మరి నవ్వుతున్నవేందే?"

"నేను రాసింది సదివిండ్రే అవ్వా. ఆరు పేపర్లకు ఆరు సదివిండ్రు."

అంజవ్వ ముల్లు తీయడం ఆపి బిడ్డ ముఖంలోకి చూసింది. ఆమెకు అక్షరం రాదు. ఎవరో పెద్దవాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని తన బిడ్డ రాసింది చదివారన్నంత వరకు అర్థమైంది.

"సదివి ఏమన్నరు?"

సుమలత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంకా మంచిగ రాయుమన్నరు," అంది.