తెల్ల వైరు

దేవుడి మీద ఒట్టేసే అలవాటు నాకు లేదు. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఎన్నో వేదికల మీద దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని నిలదీసినవాణ్ణి. అయినా ఇది జరిగింది. నా కళ్ళెదుట... కాదు, నా చెవుల్లో జరిగింది.

నకరికల్లులో మా అక్క ఇల్లు. అక్క కొడుకు శీను సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పోయినేడు దాచేపల్లి రోడ్డులో లారీ గుద్ది పోయాడు. మొన్నామధ్య అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, శీను గాడి టీవీ గేములో పాట మర్చిపోయానురా. ఎంత తన్నుకున్నా రావట్లేదు."

శీను చిన్నప్పుడు గేమ్ ముందు కూర్చుంటేనే అన్నానికి నోరు తెరిచేవాడు. ఆ గేమ్ పాటకి అక్క సొంతంగా మాటలు కట్టుకుంది. 'ఒక్క ముద్ద శీనయ్యా, ఒక్కటంటే ఒక్కటే' అని పాడుతూ పెట్టేది. ఇప్పుడు మాటలు మిగిలాయి. బాణీ పోయింది.

"వాడి మొహం కూడా ఫొటో చూస్తేనే గుర్తొస్తోంది. ఆ పాట దొరికితే వాడు దొరుకుతాడురా నాకు."

గేమ్ మిషన్ ఎప్పుడో పాడైంది. వెనక డబ్బా ఉన్న పాత టీవీ మాత్రం ఉంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ తీసుకుపోయాను. అందులో ఎమ్యులేటర్ ఉంది, పాత గేమ్ మిషన్‌లా నటించే ప్రోగ్రాం. పసుపు వైరు బొమ్మకి, తెల్ల వైరు శబ్దానికి. రాత్రి కరెంటు వచ్చిందని బావ చేనుకి నీళ్ళు పెట్టడానికి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే.

మొదట బొమ్మ నిలబడలేదు. పైకి దొర్లుతూనే ఉంది. రంగు లేదు.

"ఏందిరా, సైన్సు పంతులువి, ఒక బొమ్మ నిలబెట్టలేవా?" అక్క నవ్వింది. చానా రోజులకి నవ్వింది.

మన పాత టీవీలకి సెకనుకి యాభై బొమ్మలు కావాలి. కంప్యూటరేమో అమెరికా లెక్కలో అరవై పంపుతోంది. మార్చాను. బొమ్మ పడింది. రంగొచ్చింది. పాట మొదలైంది.

అక్క మొహం వాడిపోయింది.

"ఇది కాదురా. ఇదేందో ఎవరో తరుముతున్నట్టుంది. ముద్ద మింగే టైమన్నా ఉండొద్దూ?"

అప్పుడు నాకు వెలిగింది. బొమ్మ యాభైకి మారింది గానీ లోపల గేమ్ ఇంకా అరవైలోనే పరిగెడుతోంది. మన ఇళ్ళల్లో ఆ పాట ఎప్పుడూ నెమ్మదిగానే మోగింది.

ఈలోపు టీవీలో గుయ్యిమని రొద. వైరు వల్లేమోనని తెల్ల వైరు పీకాను. పాట ఆగిపోయింది గానీ రొద తగ్గలేదు. వైరు చేత్తో పట్టుకునే, రెండో చేత్తో గేమ్‌ని కూడా యాభైకి మార్చాను. గేమ్ మళ్ళీ మొదలైంది.

పాట వచ్చింది...

నెమ్మదిగా... సన్నగా... ఆ రొద అడుగు నుంచి.

చేయి చూసుకున్నాను. వైరు నా చేతిలోనే ఉంది.

అక్క పాడుతోందేమో అనుకున్నాను. తిరిగి చూశాను. పెదాలు బిగించి ఉంది. చూపు తెర మీద లేదు. తెరకి ఇవతల... నేల మీద... శీను కూర్చునే చోట ఉంది. కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయి. లేని అన్నం కలిపాయి. ముద్ద చేశాయి. ముందుకి చాచాయి.

పాట ఆగింది.

ఒక పిల్లాడు నోరు తెరిచి మూసేంతసేపు... ఆగింది. మళ్ళీ అందుకుంది.

ఆ పాటలో అక్కడ విరామం లేదు. కాసేపటి క్రితమే విన్నాను.

అక్క చేయి వెనక్కి తీసుకుంది. రొద మాత్రమే మిగిలింది.

"నీకూ వినపడిందట్రా?"

"వినపడిందక్కా."

బొమ్మ తాలూకు సిగ్నల్ కొంత స్పీకర్లోకి కారుతుంది. రొద అందువల్లే. ఒప్పుకుంటాను. కాసేపటి ముందే ఆ పాట విన్న చెవులు ఆ రొదలో దాన్ని వెతుక్కుని ఉండొచ్చు. అదీ ఒప్పుకుంటాను. మరి ఆ ఆగడం? తర్వాత ఆ వైరు తీసి ఎన్నిసార్లు ప్రయత్నించానో. రొదే వచ్చింది.

అక్క ఇప్పుడు పొయ్యి దగ్గర ఆ పాట పాడుకుంటోంది. ఆ చోట ఆగుతోంది కూడా.

"ఎట్టా గుర్తొచ్చిందక్కా?" అని అడిగాను.

"నువ్వే గదంట్రా పెట్టింది" అంది.

నేను పెట్టలేదు. ఆ మాట అక్కకి ఇంతవరకూ చెప్పలేకపోయాను.