అర్థం కాని పుస్తకాల పెద్దాయన

పెద్దాయనకి ఒక పుస్తకం నచ్చాలంటే అది ఆయనకి అర్థం కాకూడదు. అర్థమైందా, ఇంక దాని మొహం చూసేవాడు కాదు. అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. కామా పక్కన ఈగ వాలినా కనిపెట్టేవాడు. అలాంటివాడు, నెలనెలా లైబ్రరీ మేడమీద పుస్తకాల బృందం కూర్చోగానే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమోనర్రా, నాకైతే బోధపడలేదు" అని మొదలుపెట్టేవాడు.

మరి ఆ పుస్తకాలు ఎంచేదెవరయ్యా అంటే, ఆయనే.

లైబ్రరీ ఎదురుగా రెండు మిషన్లు వేసుకుని బట్టలు కుట్టే ఆవిడని అందరూ కుట్టక్క అనేవారు. ఆవిడ ఒకసారి పెద్దాయన వెంట పాత పుస్తకాల కొట్టుకి వెళ్లి, ఆ ఎంపిక చూసి బిత్తరపోయింది.

"ఇది తీసుకోండి సార్, చదివినవాళ్లంతా మెచ్చుకున్నారు" అన్నాడు కొట్టాయన.

"అందరూ మెచ్చుకుంటే మేం మాట్లాడుకోడానికేం మిగిలిందయ్యా? ఎవరైనా సగంలో విసిరికొట్టింది ఉంటే చూపించు."

"పోనీ ఇది? చాలా సులువుగా ఉంటుంది."

"సులువైతే ఇంట్లో కూర్చుని చదువుకుంటాంగా. పదిమందీ మెట్లెక్కి రావడమెందుకు?"

అలా రెండు గంటలు నిలబెట్టి, ఆఖరికి అట్టలేని పుస్తకమొకటి చంకన పెట్టుకుని బయటపడ్డాడు. ఆయన్ని చూస్తే కొట్టాయన టీకి వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాడంటే చేసుకోడూ మరి.

కుట్టక్క బృందంలో చేరిన కొత్తలో మాత్రం ఇవేవీ నవ్వొచ్చే సంగతులు కావు. ఆవిడ చదువు ఎనిమిదో క్లాసుతో ఆగింది. పుస్తకాలంటే ప్రాణం, కానీ నలుగురిలో నోరు తెరవాలంటే ప్రాణసంకటం. పైగా అక్కడొక లెక్చరరు ఉండేవాడు. ఆయన మొదలుపెడితే గోడ గడియారం కూడా మొహమాటపడి నెమ్మదిగా నడిచేది. పళ్ల డాక్టరు సైతం ఆయన ముందు నోరు మూసుకునేవాడు. మూడు నెలలు ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చుని, ఇది మనకి తగిన చోటు కాదనుకుంది కుట్టక్క. నాలుగో నెల పుస్తకం తిరిగిచ్చేసి మానేద్దామనే వచ్చింది.

ఆ నెల నవలలో పేద తల్లి ఒకావిడ, కూతురు ఎదిగిపోతుంటే పాత గౌను అంచు విప్పి కిందికి దించుతుంది. పెద్దాయన ఆ పేజీ పట్టుకుని కూర్చున్నాడు.

"దించింది సరే. దించి దానిమీద లేసెందుకు కుట్టింది? తిండికే లేనివాళ్లకి ఈ సోకులేమిటి? నాకు బోధపడలేదు."

"లేసు ఇక్కడ మధ్యతరగతి కలలకి ప్రతీక" అన్నాడు లెక్చరరు.

"దారం పంటితో తెంపింది చూశారూ, అది చాలా తప్పు" అన్నాడు పళ్ల డాక్టరు.

కుట్టక్క ఉండబట్టలేకపోయింది. "సోకు కాదండీ. అంచు దించితే పాత మడత గీత కనబడుతుంది. ఎంత ఉతికినా పోదు. బళ్లో పిల్లలు ఆ గీత చూసి వెక్కిరిస్తారని దానిమీద లేసు వేసింది" అని కాస్త ఆగింది. "ఆ లేసు కొన్నది కూడా కాదు. మొదట్లో ఆవిడ పెట్టెలో పెళ్లినాటి మేలిముసుగు ఉందని రాశారు కదా, దానికి లేసు ఉంటుంది. ఆ తర్వాత ముసుగు మాటే లేదు. కత్తిరించేసింది."

లెక్చరరు వెనక్కి పేజీలు తిప్పి చూసుకున్నాడు. "నేను మూడుసార్లు చదివానమ్మా, నాకు తట్టనేలేదు" అన్నాడు. పాపం మంచివాడే. కుట్టక్క పుస్తకం ఇవ్వడం మర్చిపోయి ఇంటికెళ్లింది, మానడం పదకొండేళ్లు మర్చిపోయింది.

ఆ పదకొండో ఏడు పెద్దాయనకి కంటి ఆపరేషనైంది. "వచ్చే నెల పుస్తకం నువ్వే చూడమ్మాయ్" అని తన సంచీ ఆవిడకి పంపాడు. అందులో ఆ గౌను నవల, ఆయన సొంత ప్రతి ఉంది. లేసు పేజీ మార్జిన్లో సన్నటి పెన్సిలు రాత: "ముసుగుదే. మనం అనకూడదు. కుట్టమ్మాయి చెప్పాలి." మిగతా పుస్తకాలూ తిరగేసింది. ఒకచోట "ఈ పన్ను డాక్టరుకి వదిలెయ్." ఇంకోచోట "లెక్చరరు కోసం వెతకక్కర్లేదు, ఆయన ఎలాగూ చెబుతాడు."

కుట్టక్కకి ముందు ఒళ్లు మండింది. పదకొండేళ్ల నాటకమా అనుకుంది. తర్వాత మిషను మీద తల ఆన్చి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ఎంత ప్రేమగలవాడనిపించాడో ఆ ముసలాయన ఆవిడకి.

అప్పుడే బస్సు డిపో మెకానిక్ ఒకతను బృందంలో కొత్తగా చేరాడు. గుమ్మం పక్క కుర్చీలో, పారిపోడానికి వీలుగా కూర్చునేవాడు. కుట్టక్క కొట్టాయన్ని రెండు గంటలు వేపుకుతిని, ఒక బస్సు డ్రైవరు గురించిన నవల ఏరింది. బృందం కూర్చున్న రోజున కంటికి పట్టీతో పెద్దాయన కూడా వచ్చాడు.

"ఇంటికెళ్లే తొందరలో ఉన్న మనిషి" అంది కుట్టక్క, "ఘాట్ రోడ్డులో బస్సాపి, రేడియేటరు మూతమీద చెయ్యివేసి అరగంట నిలబడ్డాడేమిటండీ? నాకు బోధపడలేదు."

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. ప్రూఫులు దిద్దిన బుద్ధి ఊరుకోదుగా, "అదేముందమ్మాయ్, ఇంజను వేడెక్కింది, చల్లబడాలిగా" అనేశాడు. కుట్టక్క బల్లకింద ఆయన కాలు తొక్కింది.

గుమ్మం దగ్గర నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు. "వేడెక్కలేదండీ" అన్నాడు మెకానిక్. "వేడి మూతమీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కిపోవూ? బండి బాగానే ఉంది. ఆయనకే ఇంటికెళ్లాలని లేదు."

లెక్చరరు పేజీ వెతకడం మొదలుపెట్టాడు. "ఇటు జరిగి చెప్పవయ్యా, వినబడటం లేదు" అని పళ్ల డాక్టరు కుర్చీ చూపించాడు. మెకానిక్ బల్ల దగ్గరికి జరిగాడు.

పెద్దాయన కుట్టక్క చెవి దగ్గరికి వంగి, "మూత సంగతి నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"తెలుసు బాబాయిగారూ. మీకు?"

"నిజంగానే తెలీదమ్మాయ్" అన్నాడు పెద్దాయన, ముప్పై ఏళ్లు ఇతరుల తప్పులు దిద్దాక మొదటిసారి తన తప్పే దొరికినంత సంబరంగా.